మేకుల టైర్లు

అల్లుడు నతానియేలు గారికి,

ఎదురుగా మాట్లాడడం నాకు చేతకాదు, మీకు మీటింగులు ఆగవు. అందుకే మీ గది తలుపు కిందనుంచి ఈ కాగితం తోస్తున్నాను.

కరోనా అని బస్సులో కొందరినే ఎక్కనిస్తున్నారు. మన రూతు ఈ ఐర్లండు చలికి గడ్డకట్టిన ములింగార్ రోడ్ల మీద సైకిల్ తొక్కుకుంటూ ఆసుపత్రి డ్యూటీకి పోతోంది. నిన్న జారిపడి మోచేయి వాచింది. మీరు "జాగ్రత్త రూతూ" అని లోపలినుంచే అన్నారు. అదీ గొప్పే.

మంచు మీద జారని మేకుల టైర్లేమో మీ సైకిల్‌కు ఉన్నాయి. ఆ సైకిల్ మీతో ఫొటో దిగి, నవంబరు నుంచి హాల్లో వెచ్చగా ఉంది. హాల్లో మంచు కురిస్తే పనికొచ్చేవే.

పొద్దున్నే ఆ టైర్లు తన సైకిల్‌కు మార్చేశాను. కొలత ఒకటే. మీరే మార్చారని అమ్మాయికి చెప్పాను. మురిసిపోతూ వెళ్లింది. తను వచ్చేలోగా మీ చేతులకు కాస్త చైను గ్రీజు పూసుకోండి.

మీ మామయ్య