తిఫ్రా అవుటర్ దగ్గర దించిన నిప్పు

బిలాసపూరు, రైల్వే కాలనీ
1946 అక్టోబరు 9

చిరంజీవి గోవిందరావుకు మీ అయ్య సూర్యం ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం కులాసా. నీ కులాసా నువ్వు సొంత చేత్తో రాస్తేనే మీ అమ్మ నమ్ముతుంది, ఇంకెవరి చేతా రాయించకు. సెలవు ముగించుకుని జావాలో మీ పటాలానికి తిరిగి వెళ్తున్న త్రినాథరావు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. తపాలాలో వేస్తే దొరలు విప్పి చదువుతారు. అందుకే ఏడాదిగా దాచిన మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నీ కూతురు చిన్నమ్మి నీ ఫొటో చూసి, "అచ్ఛా, ఈయనేటి మా అయ్య?" అని రోజూ అడుగుతోంది. పెరట్లో ములగచెట్టు గాలికి విరిగింది. నా మోకాలి సంగతి చివర్లో రాస్తాను. మిమ్మల్ని వెనక్కి పిలిపించమని ఇక్కడ జనం గొడవ చేశారట, ఎవరు వాళ్ళు అని అడిగావు.

మీ అమ్మరా. నవ్వకు.

కిందటేడు కార్తీకంలో నువ్వు ఎవరి చేతనో పంపిన ఉత్తరం అందింది. జపానువాడితో యుద్ధం ముగిసినా ఇంటికి పంపకుండా జావావాళ్ళ మీద తుపాకి ఎత్తమంటున్నారనీ, వాళ్ళూ మనలాగే బురదలో దిగి వరి నాటుకునేవాళ్ళేననీ రాశావు. అది మీ అమ్మకి మూడుసార్లు చదివి వినిపించాను. ఆ వారమే బడి పంతులు రమణమూర్తి మేస్టారు కాలనీలో పేపరు చదివి, జావా పోయే ఓడల్లోకి రేవు కూలీలు సరుకు ఎత్తడం లేదని చెప్పాడు. అంతే, మీ అమ్మ లేచింది.

"రేవులో కూలోల్లు మానీసినారు సరే. రేవుదాకా అట్టుకెల్లీవోల్లం మనం కాదేటి?" అంది.

మర్నాడు పొద్దున్న నా డ్యూటీ రేవుకి పోయే మిలటరీ గూడ్సు మీద. తిఫ్రా వైపు అవుటర్ సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి పట్టాల మీద ముప్పైమంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నడుమ మీ అమ్మ! విజిల్ కొట్టాను. కదల్లేదు. బండి ఆపి, దిగి కేకలేశాను.

"లెగే! నా నౌకరీ ఊడిపోద్ది!"

"ఊడితే గంజి తాగుదుం. నా గుంటడు పోతే ఎవుడు తెచ్చిస్తాడు? తోల్తే తోలీ!"

ప్రతి మంగళవారం నా ఇంజనుకి కొబ్బరికాయ కొట్టిన మనిషి, ఆ ఇంజను ముందే అలా కూర్చుంది. ఇంతలో స్టేషను నుంచి కానిస్టేబుళ్ళు బయల్దేరారని కబురొచ్చింది. పది నిమిషాల్లో వీళ్ళని ఈడ్చేస్తారు, నేను బండి తోలాలి.

ఇక దాచిన మాట. వెనక పెట్టెల్లో ఉన్నవి తూటాలని నాకు తెలుసు. అవి చేరితే నువ్వు అక్కడే ఉంటావు. చేరకపోతే, ఏ రోజైనా నీ చేతిలో తుపాకి ఖాళీ అయిపోతే? నీ ఉత్తరం చొక్కా జేబులోనే ఉంది. ఫైర్‌మేన్ అప్పలకొండతో, "బాయిలర్లోకి నీళ్ళెక్కడం లేదు" అని అందరికీ వినపడేలా అన్నాను. అతను నీళ్ళ గేజి చూశాడు, నిండుగా ఉంది. నా మొహం చూశాడు. "అవును బాబూ, ఎక్కట్లేదు" అన్నాడు.

నీళ్ళెక్కకపోతే బాయిలరు పేలిపోకుండా పొయ్యిలో నిప్పంతా కిందికి దించెయ్యాలి, అది రూలు. దించేశాం. మళ్ళీ ఆవిరి కట్టడానికి ఆరు గంటలు. ముప్పయ్యేళ్ళ నౌకరీలో మంచి నిప్పు నేలపాలు చెయ్యడం అదే మొదలు. మీ అమ్మ రెండు చేతులూ ఎత్తి, "పైడితల్లే నీల్లు ఆపేసినాది!" అని అరిచింది. ఇప్పటికీ అందరికీ అదే చెబుతోంది. నిజం ఆమెకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఆ రోజు నుంచి టెలిగ్రాం జవాను సైకిలు మన వీధిలోకి వస్తే, అది మన గుమ్మం దాటిపోయేదాకా చూస్తూ నిలబడేవాణ్ణి. నా కొడుకు చేతికి అందాల్సిన తూటా నేనే ఆపానే అని. మీకు ఎప్పుడైనా అవి తక్కువై, నీ పక్కవాడెవడైనా పోయి ఉంటే దాచకుండా రాయి. ఆ పాపం నాది.

మొన్న మేస్టారు ఇంగ్లీషు పేపరు తెచ్చాడు. నవంబరు ఆఖరుకల్లా మన సిపాయిల్ని జావా నుంచి రప్పించేస్తారట! మా ఆరు గంటల వల్లే అనుకునేంత వెర్రివాణ్ణి కాదు. కానీ ఎన్ని ఊళ్ళలో ఎంతమంది ఇలా కూర్చున్నారో, ఎన్ని రేవుల్లో మూట దించేశారో! సముద్రాల అవతల యుద్ధం ఎక్కడ చెయ్యాలో నిర్ణయించే దొరతనం, చదువురాని మనుషులు వద్దంటే చెవిన పెట్టిందంటే నమ్మలేకపోతున్నాను. మేస్టారి చేత ఆ వార్త నాలుగుసార్లు చదివించుకున్నాను.

నా మోకాలికి ఏమీ లేదు. మోకాలి నొప్పి వల్ల గూడ్సు మానేశానని ఇదివరకు రాసింది అబద్ధం. విచారణలో నీళ్ళెక్కలేదనే చెప్పాను, ఇంజన్లో లోపమేమీ కనబడలేదు, నన్ను గూడ్సు మీంచి తీసి యార్డులో పెట్టెలు అటూ ఇటూ మార్చే షంటింగుకి వేశారు. బాధపడకు. ఈ స్టేషనుకి ఏ బండి వచ్చినా ముందు నాకే తెలుస్తుంది.

నువ్వెక్కిన బండి అవుటర్ దగ్గర ఆగితే గాభరా పడకుండా తల బయటపెట్టి చూడు. పట్టాల మీద మీ అమ్మే ఉంటుంది.

ఇట్లు,
నీ రాకకై కళ్ళు సిగ్నల్ మీదే పెట్టుకున్న
మీ అయ్య
సూర్యం