మేడ అడిగిన గాజులు

ఏమండీ,

ఉన్నదంతా ఇంటికే పెట్టు, కొడుకులు కలిసుంటారని పోయేముందు చెప్పారు. అది పొరపాటండీ.

మొన్న మన రాయపూర్ స్థలంలో ద్వారబంధం ఎత్తాం. దాని కింద వేయడానికి నా ముక్కుపుడక తీసిచ్చాను. పెద్దాడికి చాలలేదు. "పైన మేడ వెయ్యడానికి ఆ బంగారు గాజులు కూడా ఇయ్యమ్మా, ముసల్దానివి నీకెందుకు?" అని నా చెయ్యి మెలిపెట్టి లాగాడు. తోలు లేచింది గానీ గాజు రాలేదు. చిన్నాడు తాపీతో వాడి నుదురు చీల్చాడు. పసుపు రాసిన గడప నిండా నెత్తురు.

"అరే, బస్ కరో భయ్యా!" అని, ఇక ఆపమని మేస్త్రీ అరిచాడు. ఎవరు వింటారు? మనవలు చూస్తుండగానే నేను పలుగు తీసుకుని ద్వారబంధాన్ని పడగొట్టాను. అప్పుడు ఆగారు.

రెండు గదులు చాలన్నాను. గాజులు నా దగ్గరే ఉంటాయి. నేను మంచానపడితే మేడ వచ్చి గంజి కాయదు.

రేపు మీ తద్దినం. పెద్దాడు ఒక్కడే పిండం పెడితే కాకిగా వచ్చి ముట్టకండి. తమ్ముణ్ణి పిలుచుకొచ్చేదాకా గోడ మీదే కూర్చోండి.