జెర్రిపోతుల గట్టు

ప్రియమైన కుమారుడు మార్కుకు ప్రభువు పేరిట మీ నాన్న దీవెనలు. ఇక్కడ మీ అమ్మ, చెల్లెలు ఫెబా, నేను ప్రాణాలతో ఉన్నాం. దాన్నే క్షేమం అనుకో. నువ్వు వేళకి తింటున్నావని, ఎవరితోనూ కలబడటం లేదని తలుస్తాను.

ములాఖత్‌కి వచ్చినప్పుడు చెప్పొచ్చు కదా, ఈ రాతలెందుకు అనుకుంటావు. ఆ జాలీ దగ్గర ఇరవై మంది ఒకేసారి అరుస్తుంటే, పక్కన మీ అమ్మ ఏడుస్తుంటే, నా నోట్లోంచి "దుప్పటి తెచ్చాం రా" తప్ప ఇంకో మాట రాదు. అందుకే ఫెబా నోట్సులో కాగితాలు చింపి రాస్తున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. గేదె ఈనింది, పెయ్యదూడ. అమ్మ మోకాలు అలాగే ఉంది. మిరప రెండో కోత అయింది, సగం తాలుకాయే. డ్రిప్పు పైపులు కొత్తవి వేశావా అని రాశావు. వేశాను. వారం తిరక్కుండానే అవీ తెగిపోయాయి. అప్పటికి నువ్వు జైల్లో ఉన్నావు, పక్క చేను యలమందయ్య ఆసుపత్రిలో ఉన్నాడు. మరి కోసిందెవరు అని నువ్వు నన్ను అడగాలి.

నీ ఉత్తరం చివర ఇంకో ముక్క రాశావు. "బెయిలు వచ్చిన రోజే వాడి రెండో చెయ్యి కూడా తీస్తా" అని. జైలువాళ్ళ కంట పడకుండా ఎవరి చేతో పంపావు కాబట్టి బతికిపోయావు. దాన్ని పొయ్యిలో పెట్టాను. కాగితం కాలింది కానీ మాట కాలలేదు. మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. నువ్వు అన్నంత పనీ చేస్తావని నాకు తెలుసు. నా కొడుకువే కదా.

జూలైలో గట్టు బాగుచేస్తున్నప్పటి సంగతి చెబుతాను. అప్పటికి నువ్వింకా చీమకుర్తి క్వారీ పనిలోనే ఉన్నావు, ఇంటికి రాలేదు. మన చేనుకీ యలమందయ్య చేనుకీ మధ్య గట్టు మీద రెండు జెర్రిపోతులు పెనవేసుకుని లేచి నిలబడ్డాయి. ఒక్కోటి నా అంత పొడుగుంది. జెర్రిపోతు తోకతో కొడితే ఒళ్ళు కుళ్ళిపోతుందని, నాగుపాముతో జతకడుతుందని మీ తాత చెప్పగా విన్నవాణ్ణి. గునపం ఎత్తాను. యలమందయ్య చేనుకు అడ్డంపడి పరుగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్ ఆదాం, చంపమాకరా! వాటికి విషం లేదు. అయ్యి ఉండబట్టేరా మన చేలో ఎలకల్లేనిది."

"నాగులచవితికి పుట్టలో పాలు పోసేవోడివి, నీకు పామంటే దేవుడేలే" అన్నాను.

"దణ్ణం పెట్టమంటంలేదురా, వదిలెయ్యమంటన్నా!"

నేను వినలేదు. మొదటిదాని నడుం విరగ్గొట్టాను. రెండోదాని తల మట్టిలో కలిసేదాకా పొడిచాను. నడుం విరిగినది ఇంకా పాకుతుంటే గునపం మొనతో కడుపు చీల్చాను. లోపల్నుంచి రెండు ఎలకలు బయటపడ్డాయి, సగం అరిగినవి. వాటిని నా కళ్ళతో చూశాను. చూసి కూడా మట్టి కప్పేశాను. తర్వాత గట్టు తవ్వితే గుడ్లు దొరికాయి, పన్నెండు. చెప్పు కాలితో తొక్కాను. ఆదివారం చర్చిలో "పేరే ఆదాం, పాము కనపడితే ఊరుకుంటాడా" అని అందరూ నవ్వారు. నేనూ మీసం దువ్వుకున్నాను.

అక్టోబరుకల్లా చేను నిండా బొరియలే. ఎలకల మందు పెట్టాను. మొదటి రోజు ఐదు చచ్చాయి, ఆ తర్వాత ఒక్కటీ ముట్టలేదు. ఫెబా తన పుస్తకం చదివి చెప్పింది. ఎలక కొత్త తిండిని కాస్తే రుచి చూస్తుందట. ఒంట్లో తేడా చేస్తే బతికినన్నాళ్ళూ దాని జోలికి పోదట. అలా జాగ్రత్తపడ్డవే ఇన్నేళ్ళూ మనుషుల మధ్య బతికి బట్టకట్టాయట. నాకు ఒళ్ళు మండింది. మెల్లగా చంపే ఇంకో మందు తెచ్చాను. దాన్ని తిన్నాయి, ఊగుతూ బయట తిరిగాయి, చచ్చాయి. వాటిని పట్టి తిన్న గుడ్లగూబలు రెండూ తాడిచెట్టు మొదట్లో ముక్కుల నుంచి రక్తం కారుతూ పడున్నాయి. తొర్రలో పిల్లలు రెండు రోజులు అరిచి ఊరుకున్నాయి. ఎలకల్ని తినేవాటినన్నిటినీ నా చేత్తోనే చంపుకున్నాను. మిగిలిన ఎలకలకి ఇక అడ్డెవరు? నెల తిరిగేసరికి మళ్ళీ మునుపున్నన్ని అయ్యాయి.

ఎలక ముందుపళ్ళు అది చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయట మార్కూ. ఏదో ఒకటి కొరికి అరగదీయకపోతే దానికి బతుకు లేదు. వానలు ఎగ్గొట్టి నేల బీటలిచ్చాక, నీళ్ళు మన నల్ల పైపులో తప్ప ఎక్కడున్నాయి?

ఇప్పటిదాకా దాచింది ఇక్కడ రాస్తున్నాను. నువ్వు కొడవలి పట్టడానికి రెండు రోజుల ముందే ఒక పైపు తెగింది. దాని అంచున పక్కపక్కనే రెండేసి పళ్ళ గాట్లున్నాయి. ఆ ముక్క కోసి చొక్కా జేబులో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా అతుకు వేశాను. ఎలకలని చెబితే యలమందయ్య చెప్పిందే నిజమని ఊరంతా అంటుంది కదా. ఆ మాట పడలేకపోయాను.

మూడో రోజు పొద్దున ఐదు లైన్లు తెగి నీళ్ళు కాలవ కట్టాయి. నువ్వు మోటారు షెడ్డు దగ్గర నిలబడి, "నాన్నా, యలమందయ్యతో గట్టు హద్దు తగువై వారం కాలేదు. వాడే కోశాడు కదా?" అని అడిగావు. గుర్తుందా, అడిగావు. ఆ ముక్క అప్పుడు నా జేబులోనే ఉంది. నేను చెయ్యి జేబు మీద పెట్టుకుని, "ఇంకెవడికుందిరా అంత అవసరం?" అన్నాను.

నిన్ను పంపింది ఆ మాటే.

వాడు నీకు ఎదురు తిరగలేదు. తలకి అడ్డంగా చెయ్యి పెట్టాడు. కుడిచేతి వేళ్ళు మూడు మిరపచెట్ల మొదట్లో పడ్డాయి. రెండో దెబ్బ భుజంలోకి దిగి ఎముకకు తగిలింది. వేళ్ళు ఏరింది నేనే. తువ్వాల్లో చుట్టి ఆటోలో పెట్టాను. అతకవన్నారు. వాటిని తిరిగి ఎవరికివ్వాలో తెలియక వాడి భార్య చేతిలోనే పెట్టారు. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పోలీసులు అడిగితే కూడా, "పైపులు కోశాడండీ" అనే చెప్పాను. నా పాపానికి నువ్వు ఊచల వెనక ఉన్నావు, నేను బయట అన్నం తింటున్నాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక వాడింటికి వెళ్ళి, పైపు ముక్క చేతిలో పెట్టి అంతా చెప్పాను. ఎడమచేత్తో చెంప మీద కొట్టాడు. కింద పడ్డాను. లేవమనలేదు.

"ఇంకేం చంపావురా?" అన్నాడు.

గుడ్లగూబల సంగతి చెప్పాను. "నాకు చెబితే నా ఏళ్ళొస్తయ్యా? పో, పోయి నీ కొడుక్కి చెప్పు. ఆడు మళ్ళీ రాకముందే చెప్పు" అన్నాడు.

యలమందయ్యే ముందు మన పైపులు కోశాడని కోర్టులో వేద్దాం, సంతకం పెట్టు అంటున్నాడు లాయరు. పెట్టలేదు. పెట్టను కూడా. పోలీసులకు చెప్పింది అబద్ధమని జడ్జిగారి ముందే చెబుతాను. దానివల్ల నీ బెయిలు ఆలస్యమైతే తిట్టుకో, ఉమ్మెయ్యి, భరిస్తాను.

మొన్న గట్టు మీద మూరెడు జెర్రిపోతు పిల్ల కనపడింది. ఎక్కడ దాక్కుని బతికిందో! నా చెయ్యి దానంతటదే గునపం మీదికి పోయింది. అవతల నుంచి యలమందయ్య చేతికి కట్టుతో నిలబడి చూస్తున్నాడు. అతికష్టం మీద గునపం వదిలాను. ఇంత తెలిశాక కూడా నా చెయ్యి మారలేదు. నీది మారుతుందని మాత్రం ఎలా నమ్మను?

అందుకే ఒక్కటే చెబుతున్నాను. బెయిలు వచ్చాక కత్తి పట్టుకునే రావాలనుకుంటే, గట్టు దాటి పోవద్దు. మన వాకిట్లోనే ఆగు. నేను మంచం మీదే కూర్చుని ఉంటాను, చెయ్యి అడ్డం పెట్టను.

ఇట్లు,
నీ చేతికి కొడవలి అందించిన మీ నాన్న,
ఆదాం