చుక్క పెట్టని ఇల్లు

ఆత్మకూరు,
డిసెంబరు 1995

ప్రియమైన నిషాత్,

అమ్మ లేని ఇంట్లో క్రిస్మస్ చేసుకోలేను, ఉదయగిరి రావడం లేదు. ఈ అద్దె గదిలో నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే.

నా పరిశోధనకు నువ్వే దిక్కు. ఊళ్లో ఎవరెవరు ఒక గుంపో కనిపెట్టాలి. ఒక్కో ఇంటికీ ఒక చుక్క పెట్టు. ఇచ్చిపుచ్చుకోవడాలుంటే మధ్యలో గీత గియ్యి. గీతలు ఒత్తుగా ఉన్నచోట ఒక గుంపు ఉన్నట్టు. మన రెండు వీధుల్లో "మీకు బాగా దగ్గరివాళ్లెవరు?" అని అడిగి, గీసి పంపవే.

నీ సుజన


ఉదయగిరి,
జనవరి 1996

ప్రియమైన సుజనా,

నీ ప్రశ్న తగలెయ్యా! అందరూ హెడ్‌మాస్టరు పేరే చెప్పారు. గట్టిగా అడిగితే రమణయ్య మామ, "పెద్దోళ్ల పేరు చెప్తే మనకీ మర్యాదగా ఉంటాది గదమ్మే" అని నవ్వాడు.

ఇక అడగడం మానేసి వంటిళ్లు చూశాను. పలహారం పంపిన గిన్నెను ఎవరూ ఖాళీగా తిరిగివ్వరు కదా, ఏదో ఒకటి చేసేదాకా అట్టిపెట్టుకుంటారు. గిన్నెల మీద చెక్కించిన పేర్లను బట్టి గీతలు గీశాను. చర్చి వీధి గిన్నెలు చర్చి వీధిలోనే, మసీదు వీధివి మసీదు వీధిలోనే తిరుగుతున్నాయి. రెండు వీధుల్లోనూ కనిపించిన పేరు ఒక్కటే, రెబెకమ్మ. మీ అమ్మ పేరు చూడగానే ఏడుపొచ్చింది సుజీ.

నీ నిషాత్


ఆత్మకూరు,
ఫిబ్రవరి 1996

ప్రియమైన నిషాత్,

"చనిపోయినావిడ చుక్క తీసెయ్యమ్మా" అన్నారు నా పరిశోధన చూసే సారు. తీసేశాను. పటం రెండు ముక్కలైపోయింది. అమ్మ మళ్లీ పోయినట్టుంది నాకు.

అవునూ, మీ ఇంటికి చుక్కే లేదేంది? మరిచిపోయావా?

సుజన


ఉదయగిరి,
రంజాన్ మర్నాడు

ప్రియమైన సుజీ,

మరిచిపోలేదు. మా అమ్మ పోయినప్పటినుంచీ ఒక్కదానికే వండుకుంటున్నాను. నా గిన్నె ఎవరింట్లోనూ లేదు. ఒక్క గీతా లేని చుక్క పెట్టాలంటే సిగ్గేసింది.

కానీ మీ అమ్మ గిన్నె ఒకటి నా దగ్గరుంది. ఆఖరి క్రిస్మస్‌కు అరిసెలు పంపింది. రంజాన్‌కు నింపి ఇద్దామనుకున్నాను, ఆలోపే రెబెకమ్మ పెద్దమ్మ వెళ్లిపోయింది. ఏడాదిగా దాన్ని తోమి బోర్లిస్తున్నాను.

నిన్న నింపాను. వేయించిన సేమ్యా, ఖర్జూరాలు ఉన్నాయి, పాలు నువ్వే కాచి పోసుకో. డ్రైవరు సాదిక్ అన్న చేతికిచ్చాను, ఆత్మకూరు బస్టాండులో తీసుకో. ఇప్పుడు మా ఇంటికి చుక్క పెట్టు. నీ గదికీ ఒకటి పెట్టు. కాగితం చాలకపోతే ఇంకోటి అతికించు.

గిన్నెను మాత్రం బస్సులో తిప్పి పంపితే ఊరుకోను. నువ్వే తీసుకురా.

నీ కోసం చూస్తూ,
నిషాత్