ఏడో పాఠంలో తారుమారు

మహామేధావి చెల్లెమ్మకి,

మీ ఇంట్లో కూర్చుని బాబాయి ట్యాబ్‌లో చేత్తో రాస్తున్న కుట్టుపని పుస్తకాన్ని, మా ప్రెస్సులో పేజీలు పేర్చడానికి వాడే గుర్తుల్లోకి మార్చడానికి ప్రోగ్రాం రాశావు చూడూ, దానికో దండం! ఆయన కింద గీత గీసిన మాటలన్నిటినీ లావు అక్షరాలు చేసి వాక్యం చివరికి తోసేస్తోంది. "గుడ్డని తడిపి ఆరబెట్టి కత్తిరించు" అని ఆయన రాస్తే, నాకొచ్చింది "గుడ్డని కత్తిరించు తడిపి ఆరబెట్టి". అది నమ్మి కుట్టినవాడి చొక్కా మొదటి ఉతుక్కే బొమ్మకి సరిపోతుంది. జీవితమంతా మిషను తొక్కిన మనిషి, పుస్తకం చేతిలో పట్టుకుని చదువుకోవాలని ఆశపడుతుంటే నీ తెలివి దాన్ని తగలెట్టేలా ఉంది.

ప్రెస్సులో తల పట్టుకున్న నీ అన్న

*

ప్రెస్సు చక్రవర్తి గారికి,

తప్పు దొరికింది, సరిచేశాను. గీత ఉన్నా లేకపోయినా ఏ మాట చోటులో ఆ మాటే ఉంటుంది. ఆరు పాఠాలూ మళ్లీ పంపుతున్నా, కొత్తగా రాసిన ఏడోదీ జత చేశా. తిట్టడమే తప్ప మెచ్చుకోవడం నీ ఒంట్లో లేదు కదా. బాబాయి కూడా ఈమధ్య మాట్లాడ్డం తగ్గించాడు. నీ ఫోన్లు వినీ వినీ విసుగొచ్చుంటుంది.

మేధావి

*

ఓ తల్లీ,

ఆరూ బాగున్నాయి. ఏడోదేమిటి? "చంక ముందు దారం చొక్కా వెయ్యి కత్తెర." పాఠమంతా ఇదే వరస! సరిచేశానంటావు, నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఇక్కడ అందరికీ చదివి వినిపించా. పొట్టలు పట్టుకుని నవ్వారు. చేతకాకపోతే చెప్పు, నేనే మొత్తం టైపు చేసుకుంటా.

అన్న

*

అన్నయ్యా,

నీ ఉత్తరానికి ఒళ్లు మండి, ట్యాబ్ పక్కన పెట్టుకుని ఒక్కో మాటా సరిచూశాను. ప్రోగ్రాం దేన్నీ కదపలేదు. బాబాయి చేతిరాతలోనే అలా ఉంది. నిన్నెలా ఏడిపించాలా అని ముందు తెగ సంబరపడ్డాను.

తర్వాత ఆయన దగ్గరికెళ్లి "ఇదేంటి బాబాయ్?" అని అడిగా. నవ్వి, "కిటికీ నువ్వు నీళ్లు పెట్టు" అన్నాడు. వెంటనే ఆటో పిలిచాను.

ఆసుపత్రిలో ఉన్నాం. తలలో రక్తం గడ్డకట్టిందట, నిన్నామొన్నటిది కాదట. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా?" అని డాక్టరు అడిగాడు. ప్రోగ్రాంని తిట్టుకుంటున్నామని ఎలా చెప్పను?

ఆరు పాఠాలకే పుస్తకం కట్టించి నువ్వే పట్టుకురా. చదవగలడో లేదో తెలీదు. చేతిలో పెడదాం.

చెల్లి