అవ్వ తిట్లకో స్క్రిప్టు

కదిరి,
ఏప్రిల్ 2009.

చిరంజీవి గంగాదేవికి అవ్వ దీవెనలు. ఇక్కడ నేనూ, మీ నాయనా, మేకలూ క్షేమం. బోరు ఒక్కటే క్షేమంగా లేదు, నాలుగు బిందెలు పోసేసరికి దానికి ఆయాసం వస్తోంది. బెంగుళూరులో నువ్వు బాగున్నావని తలుస్తాను.

నీ ఉద్యోగమేమిటో నాయనకు అర్థమయ్యేలా చెప్పమన్నావు. "కంప్యూటరు తెర మీదున్నది పైకి చదువుతుంది, చూపు లేని మన పాపలాంటివాళ్లు వింటారు. దాన్ని స్క్రీన్ రీడరంటారు. అది తెలుగు కూడా చదివేలా మన పాప స్క్రిప్టులు రాస్తోంది" అన్నాను. "అంటే మిషనుకు అయివారమ్మ అయినాదా?" అన్నాడు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, ఆ మాట నాకు తోచనే లేదు.

ఇక నీ అసలు ప్రశ్న. "నిజంగానే రావద్దన్నావా అవ్వా?" అని అడిగావు.

"తేరుకు రానక్కర్లేదు, ఆ పెట్టెతోనే కాపురం చెయ్యి" అని రాయించింది నేనే. ఇన్నాళ్లూ నా ఉత్తరాలు హాస్టల్లో నీ పక్కమంచం నాజ్‌నీన్ చదివి వినిపించేది. నాలాగే సాగదీసి చదివి, తిట్టు దగ్గరికి రాగానే తనే పకపకా నవ్వేదట. పోయిన ఉత్తరాన్ని మొదటిసారిగా నీ స్క్రిప్టు చదివింది. నువ్వు పంపిన ఆ స్క్రిప్టును, నా ఉత్తరాలు టైపు కొట్టి పంపే హుస్సేన్ బాషా తన ఇంటర్నెట్ సెంటర్లో ఎక్కించుకుని, అదే ఉత్తరం నాకూ వినిపించాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. కానీ పెళ్లి కబురూ చావు కబురూ ఒకే గొంతుతో చదివే గుమాస్తాలా ఉంది. నా మాటకు నేనే జడుసుకున్నాను.

"ఏమవ్వా, ఇట్ల రాస్తే ఆ పాప వస్తాదా?" అన్నాడు బాషా.

"కొట్టింది నువ్వే కదప్పా! అప్పుడు నోరు యాడ పెట్టుకున్నావు?"

"నువ్వు నవ్వుతా చెప్పినావు గదవ్వా!"

ఆ నవ్వు ఏ మీట నొక్కితే పడుతుందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

ఇక్కడి నుంచి కొడుతున్నది బాషా కాదు. టీ తాగి రమ్మని బయటికి పంపాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నేనే కొడుతున్నాను.

తేరు నాడు పొద్దున్నే డబ్బాలో నీకోసం బెల్లం ఓళిగలు పెట్టుకుని బస్టాండుకు పోయాను. అడిగినవాళ్లకు కూరగాయల కోసమని చెప్పాను. బెంగుళూరు నుంచి వచ్చిన ప్రతి బస్సూ ఖాళీ అయ్యేదాకా చూశాను. తేరు లాగేసిన తర్వాత కూడా అక్కడే కూర్చున్నాను. మర్నాడు ఓళిగలు మేకలకు పెట్టాను. అవైనా బాగున్నాయన్నాయి.

నాకు కోపం లేదు. నువ్వు లేక ఇల్లు బాగాలేదు. రా పాపా.

ఈ మూడు మాటలూ ఏ గొంతుతో చదివినా అర్థం మారదు. బడిపంతులమ్మను, సరిచూసుకునే రాశాను.

అవ్వ తిట్టినప్పుడల్లా నవ్వే స్క్రిప్టు ఒకటి రాయి. అంతదాకా నా చేత ఇలాంటి రాతలు తప్పవు. బాషా వచ్చేస్తున్నాడు, ఆపుతాను.

ఇట్లు,
బస్సుల వేళలన్నీ కంఠతా వచ్చిన
మీ అవ్వ,
సుబ్బలక్ష్మమ్మ