ఔరాద్ పొట్లం

బీదర్,
తొమ్మిదో తారీఖు, మంగళవారం.

చిరంజీవి సోనాలికి నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. మీ అన్న సుశీల్ పొద్దున్నే దుకాణం తెరుస్తున్నాడు. అమ్మ మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కేటప్పుడు మెట్లను తిట్టుకుంటూ ఎక్కుతోంది, తిడుతోందంటే బాగున్నట్టే. గువాహటిలో చలికి నువ్వు చెవులు కప్పుకుంటున్నావనే అనుకుంటున్నాం.

ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది నాలుగోసారి. మూడు చించేశాను. రెండు వరసలు రాస్తాను, లేచి వాకిట్లోకి పోయి వస్తాను, మళ్లీ కూర్చుంటాను. మీ అమ్మ చూసి చూసి, "ఏమైంది మీకు? పొద్దుగాల సంది ఒక్క తీర్గ కూసుంటలేరు" అంది. పంటి నొప్పి అన్నాను. లవంగం తెచ్చి చేతిలో పెట్టింది. అది దవడన పెట్టుకునే రాస్తున్నాను.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. మోకాలి సంగతి అయిపోయింది. రెండోది, నీ పని నాకు అర్థమైందా అని. ఎందుకర్థం కాదు? నలభై ఏళ్లుగా కందుల మధ్య కూర్చున్నవాణ్ణి. కందిగింజలో ఒక ప్రోటీన్ ఉంటుంది, అది పురుగు కడుపులో తిండి అరగనివ్వదు. అది పూసల దండలాంటిది. ఏ పూస తర్వాత ఏ పూస ఉందో తెలిస్తే, ఆ దండ ఎలా ముడుచుకుని కూర్చుంటుందో మీ కంప్యూటర్ బొమ్మ గీసి చూపిస్తుంది. రెండు ఊళ్ల దండలు పక్కపక్కన పెట్టి, ఎక్కడెక్కడ పూస మారిందో చూసి, ఆ గింజలు దగ్గర చుట్టాలో దూరపు చుట్టాలో కూడా చెబుతుంది. ఇదంతా ధాన్యం గంజ్‌లో పక్క దుకాణం భీమ్‌రావ్‌కు చెప్పాను. "నీ బిడ్డ కందులకు గూడ చుట్టరికాలు కలుపుతాందా ఏంది?" అన్నాడు.

మూడోది నా పేరు సంగతి. వ్యాసం చివర "గింజలు సేకరించి ఇచ్చినది మా నాన్న గుండేరావు, బీదర్" అని రాశావు, సరిగ్గా ఉందా అన్నావు. సరిగ్గానే ఉంది. ఆ కాగితం ఫోన్‌లో గంజ్ అంతా తిప్పి చూపించాను. ఇప్పుడు ఎవరైనా మళ్లీ చూపించమంటే ఫోన్ జేబులో పెట్టేసుకుంటున్నాను.

ఇక నాలుగోది. నేను పంపిన ఊరూరి పొట్లాల్లో నిర్ణా గింజలూ ఔరాద్ గింజలూ ఎక్కడైనా కలిసిపోయాయా నాన్నా అని ఫోన్‌లో రెండుసార్లు అడిగావు, ఉత్తరంలో మళ్లీ అడిగావు. హుల్సూర్ ఊరి గింజల దండలో నాలుగు చోట్ల పూసలు మారాయి, నిర్ణాకూ ఔరాద్‌కూ మాత్రం ఒక్క పూస తేడా లేదు, ఇది వింతే అని మీ గైడు లీయా మేడమ్ అన్నారట. ఆ వింత గురించే నువ్వు ఇరవయ్యో తారీఖున అంతమంది పెద్దల ముందు మాట్లాడబోతున్నావు. కలవలేదు బిడ్డా అని ఫోన్‌లో చెప్పాను. ఆ మాట నిజమే.

కలవలేదు. నేనే మార్చాను.

ఔరాద్ అంగడిలో రాచమ్మ దగ్గర తెచ్చిన గింజలు గుర్తున్నాయి కదా, వాళ్ల అత్త కాలం నుంచి దాచుకుంటున్న విత్తనం. ఇంటికి తెచ్చి చాటలో పోస్తే మూడో వంతు పుచ్చులే. ఉన్నవి ఉన్నట్టే పంపమని నువ్వు చెప్పావు. విన్నానా? గుండేరావు దుకాణం నుంచి పుచ్చు గింజ గడప దాటడమా, అదీ కూతురి ల్యాబ్‌కు, పెద్ద పెద్ద సార్లు చూసే చోటికి! ఏరడం మొదలుపెట్టాను. బాగున్నాయనుకున్న వాటి మీద కూడా పురుగు గుడ్ల తెల్ల చుక్కలు కనిపించాయి. విసుగొచ్చింది. పక్కనే నిర్ణా సంచి ఉంది. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. పొట్లం నిండా నిర్ణా గింజలే పోసి, పైన "ఔరాద్, రాచమ్మ" అని నా చేత్తో రాశాను. ఒకే సంచిలోని గింజలకు పూసలు ఎందుకు మారతాయి బిడ్డా?

నిన్న అంగడికి పోయి రాచమ్మకు జరిగింది చెప్పాను. ఆమె ఉల్లిగడ్డలు ఏరుతూనే విన్నది. ఏరడం ఆపి తలెత్తింది.

"పురుగుకు నచ్చింది నా గింజ, నీకే నచ్చలే సేటు. ఆ పిల్ల అడిగింది నా గింజనా, నీ ఇజ్జతా?"

తిరిగొచ్చి నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ తిన్నావా అని అడిగి పెట్టేశాను.

ఈ ఉత్తరంతో పాటు, నిన్న రాచమ్మ మళ్లీ ఇచ్చిన గింజలు పంపుతున్నాను. ఏరలేదు, చెరగలేదు. పోయినసారివి గుప్పెడు గింజలు డబ్బాలో మిగిలి ఉంటే పోయిన వారమే తడిగుడ్డలో కట్టి చూశాను, పదింటికి ఆరు మొలిచాయి. పొట్లం మీద పేరు ఈసారి రాచమ్మే కన్నడంలో రాసింది.

ఇరవయ్యో తారీఖున ఆ వింత మాట చెప్పకు. మొహమాటపడకుండా, తప్పు మా నాన్నదని మేడమ్‌కు చెప్పు. నీ రెండేళ్ల కష్టం మీద నా చేత్తో నీళ్లు పోశాను. నాకు భయంగా ఉంది సోనాలీ. ఇకమీద నేను బాగున్నానన్నా నువ్వు రెండోసారి అడుగుతావేమోనని భయంగా ఉంది.

వ్యాసంలో నా పేరు కొట్టేయాలని నీకు అనిపించవచ్చు. కొట్టేయకు. రాచమ్మ పేరు పైన పెట్టి, నాది కిందనే ఉంచు, పక్కన నేను చేసింది రాయి. ఆ కాగితం కూడా గంజ్ అంతా నేనే తిప్పి చూపిస్తాను. ఇది పోస్టులో వేసి వచ్చి అమ్మకు కూడా చెబుతాను.

ఇట్లు,
పంటి నొప్పి ఏమీ లేని
మీ నాన్న,
గుండేరావు